నాలుగు స్టడీల జీన్ లిస్టులు కలుస్తలేవు, ఏం చేయాలె?

హన్మకొండ: అన్నా, పీహెచ్‌డీ పని. టైప్ 2 షుగర్ ఉన్నోళ్ల కండరం శాంపిళ్లవి జియోలో (అందరికీ తెరిచున్న జీన్ డేటా భాండారం) నాలుగు డేటాసెట్లు తీసుకున్న. రెండు మైక్రోఅర్రే, రెండు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (జీన్లు ఎంత పనిచేస్తున్నయో కొలిచే రెండు పద్ధతులు). విడివిడిగ లిమ్మా (తేడా ఉన్న జీన్లను తేల్చే, ఆర్ అనే లెక్కల భాషల ప్యాకేజీ) నడిపి, పి-విలువ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనపడే అవకాశం) 0.05 లోపు వచ్చిన జీన్లు చూస్తే నాలుగింట్ల ఉన్నయి మూడే. గైడ్ సారు మొఖం చూడాలె! అన్నీ ఒకే మాట్రిక్స్‌ల పోసి మళ్ల చేయాల్నా?

కాజీపేట: పోయకు చెల్లె. పోస్తే పీసీఏ ప్లాటుల (ఏ శాంపిల్ దేనికి దగ్గరుందో చూపే బొమ్మ) శాంపిళ్లు షుగర్‌ను బట్టి కాదు, ల్యాబును బట్టి విడిపోతయి. అసలు తిప్పలు కట్-ఆఫ్‌తోనే. 0.051 వచ్చిన జీను, 0.9 వచ్చిన జీను రెండూ ఒకే చెత్తబుట్టల పడ్డయి.

నీ టాపిక్‌లనే పాత కథ ఉంది. 2003లో మూథా బృందం 43 మంది మగవాళ్ల కండరం చూస్తే విడిగ ఒక్క జీనూ తేలలే. ఆక్సిడేటివ్ ఫాస్ఫోరిలేషన్ (కణంల శక్తి తయారీ, పొట్టిగ ఆక్స్‌ఫాస్) జీన్లను గుంపుగ చూస్తే తగ్గింది సగటున 20 శాతమే గని, దాదాపు అన్నీ ఒకే దిక్కు. 2005లో వచ్చిన జీఎస్‌ఈఏకు (జీన్లను గుంపులుగ పరీక్షించే పద్ధతి) అదే పునాది.

లిస్టు కోయకుండ, ఒక్కో స్టడీల అన్ని జీన్ల మీద కెమెరా (లిమ్మాలనే ఉన్న గుంపు పరీక్ష) నడుపు. జీన్లు ఒకదానితో ఒకటి కలిసి కదిలే సంగతిని అది లెక్కల పెడ్తది. సెట్లకు హాల్‌మార్క్ అనే తయారుగ ఉన్న 50 జీన్ గుంపులు చాలు, వేలల్లకు దిగకు.

కరీంనగర్: నాలుగు స్టడీల ఫలితాలు కలిపేటప్పుడు మామూలు ఫిషర్ పద్ధతి (పి-విలువలను కలిపేది) వద్దు, అది దిక్కు చూడది. స్టౌఫర్ పద్ధతి చేయి, అది జడ్ విలువలను (దిక్కు, బలం రెండూ చూపే అంకెలు) కలుపుతది. ఒక సెట్‌కు జడ్ విలువలు -1.5, -1.2, -1.8, -0.9 అనుకో. గుర్తు పక్కకు పెడితే ఏదీ 1.96 (పి-విలువ 0.05కు సరిపోయే హద్దు) దాటలే. కూడితే -5.4, నాలుగు వర్గమూలం 2తోని భాగిస్తే -2.7. దాటింది! స్టడీ సైజులు వేరైతే బరువులు పెట్టు.

హన్మకొండ: ఒక ఫైల్ల జీన్ పేరు కాడ "1-మార్చ్" అని రెండుసార్లున్నది?

కాజీపేట: ఎక్సెల్ పుణ్యం. మార్చ్1, మార్క్1 రెండు జీన్లనూ ఒకే తేదీ చేసింది. చేత్తోని దిద్దకు, ఏది ఏదో తెల్వది. అసలు ఫైల్ మళ్ల దించుకో.

హన్మకొండ: దించిన. ఆక్స్‌ఫాస్ మూడింట్ల కిందికి, నాలుగోదాంట్ల పైకి. తీసేయాల్నా?

కాజీపేట: నచ్చలేదని తీస్తరా? ఆ స్టడీల గ్రూపుల పేర్లేంది?

హన్మకొండ: డయాబెటిక్, నార్మల్.

కాజీపేట: చెప్పకపోతే ఆర్ అక్షరక్రమంల మొదటిదాన్ని ఆధారం చేసుకుంటది. ఎన్ కంటే డి ముందు. నార్మల్‌లకెంచి డయాబెటిక్‌ను తీసేసింది, గుర్తు తిరగబడ్డది.

హన్మకొండ: అయ్యో, అదే అన్నా. రీలెవెల్ పెట్టి నార్మల్‌ను ఆధారం చేసిన, నాలుగూ కిందికే.