అమీన్‌పూర్ ఫోటోల్లో వెనకాల అపార్ట్‌మెంట్లు: ఉంచాలా, లేపేయాలా?

గిజిగాడు:
నిన్న మన పక్షుల ఫోటోల గ్రూపులో మియాపూర్‌వాలా గారు పెట్టిన ఫోటో చూశారుగా, హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువు మీద పైడ్ కింగ్‌ఫిషర్ (నలుపు తెలుపు లకుముకి పిట్ట) గాల్లో నిలబడి నీళ్లలోకి చూస్తోంది. పిట్ట అదిరింది, కాదనను. కానీ వెనకంతా మెత్తటి పచ్చరంగు! అక్కడ టవర్లు ఉండాలి కదా అంటే, ఏఐతో తీసేశాను, పిట్టని ముట్టుకోలేదు, తప్పేంటి అన్నారు. నా లెక్కలో తప్పే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన చెరువది, ఊరు ఇంతలా మీద పడుతున్నా అక్కడ ఫ్లెమింగోలు దిగుతున్నాయంటే అసలు సంగతే అది. ఆ ఊరిని చెరిపేసి ఏం చూపిస్తాం?

మియాపూర్‌వాలా:
ఫోటో అంటే పోలీసు పంచనామా కాదండీ. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్స్ పెట్టినప్పుడే చుట్టూ ఉన్నదంతా వదిలేశారు, క్రాప్ చేసినప్పుడు ఇంకాస్త వదిలేశారు. కరెంటు తీగ అడ్డొస్తే మీరూ పక్కకి జరుగుతారుగా? మీరు కాళ్లతో చేసింది నేను మౌస్‌తో చేశాను, అంతే తేడా.

సునీత:
చాలా తేడా ఉందండీ. జరిగితే అక్కడ నిజంగా ఉన్న ఇంకోటి ఫ్రేమ్‌లోకి వస్తుంది, మౌస్‌తో లేనిది వస్తుంది. అయినా ఆ పిట్టకి మౌస్ అవసరమే లేదు. ఒడ్డున కూర్చుని పైకెత్తి తీస్తే వెనక ఆకాశం, బిల్డింగులు తప్పవు. అదే కట్ట మీద నుంచి తీస్తే అది తేలే ఎత్తుకి మన కన్ను దగ్గరపడుతుంది, వెనక నీళ్లే ఉంటాయి. దూకే ముందు చూడండి, రెక్కలు ఎంత కొట్టుకున్నా తల మాత్రం మేకు కొట్టినట్టు కదలదు, ముక్కు నిలువుగా కిందికి. అందుకే ఖాళీ పక్కన కాదు, కింద వదలాలి, దూకబోయేది అటేగా! చాలామంది పిట్టని నడిమధ్యలో పెట్టి ఆ టెన్షన్ అంతా పోగొడతారు. షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు కంటే తగ్గనివ్వకండి. ఇంకోటి, మీ ఫోటో జూమ్ చేశాను, ఎడమ రెక్క కొసన ఈకల అంచుల్ని ఏఐ నమిలేసింది. పిట్టని ముట్టుకోలేదు అనకండి మరి.



గిజిగాడు:
సునీత గారూ, నీళ్లు వెనక పెట్టి టవర్లు దాచినా నా బాధ తీరదు, ఒక్క ఫోటోలోనైనా అవి కనపడాలి. లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11కి వెళ్తే బిల్డింగులని గుర్తుపట్టొచ్చు, పిట్ట చిన్నదైనా పర్లేదు.

సునీత:
చిన్నదైతే మగదో ఆడదో కూడా తెలీదు కదండీ. రొమ్ము మీద రెండు నల్లపట్టీలుంటే మగది, ఒకటే, అదీ మధ్యలో తెగి ఉంటే ఆడది. ఏం చేస్తోందో చూపించాలంటే ముందు పిట్ట కనపడాలి. టవర్లకి వేరే ఫోటో తీయండి.

మియాపూర్‌వాలా:
రెక్క సంగతి ఇప్పుడే చూశాను, నిజమే. సరే, కింద ‘ఎడిట్ చేసినది’ అని రాస్తా. మన గ్రూపు నెలవారీ పోటీకి పంపొచ్చా మరి?

గిజిగాడు:
గ్రూపులో పెట్టుకోండి, ఎవరొద్దన్నారు. పోటీకి వద్దు. చాలా పోటీల్లో రా ఫైల్ (కెమెరాలోంచి వచ్చిన, ఎడిట్ చేయని ఫైల్) అడుగుతున్నారు, మనమూ అడగాలి.

మియాపూర్‌వాలా:
రూల్స్‌లో ఆ మాట ఎక్కడుందో చూపించండి, మానేస్తా.