రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారు, బ్యాటరీ నిలవడం లేదు

మాది నెల్లూరు. పెట్రోల్ కారు, 12 వోల్టుల 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) బ్యాటరీ, వేసి ఎనిమిది నెలలే. పొద్దున మాగుంట లేఅవుట్ నుంచి షాపుకు రెండు కిలోమీటర్లు, రాత్రి మళ్లీ అంతే. ఈ ఎండలకి ఏసీ తప్పదు.

వారంలో రెండుసార్లు పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మని ఆగిపోతోంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారుతున్నాయి. అప్పుడు బ్యాటరీకి మీటర్ పెడితే 11.9 వోల్టులే. ఇంజన్ ఆన్‌లో 14.2 వస్తోంది, కాబట్టి ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉన్నట్టుంది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి వేడినీళ్లతో కడిగి వాజలిన్ రాశాను. డాష్‌క్యామ్ తీసేశాను. లాక్ చేసిన గంటకి చూస్తే బ్యాటరీ నుంచి లాగుతున్న కరెంటు 30 మిల్లీయాంపియర్లే.

మెకానిక్ మళ్లీ కొత్త బ్యాటరీ వెయ్యమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే కావలి దాకా దూరం వెళ్లొచ్చిన వారం ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, అర్ధరాత్రి అవసరమొస్తే ఎలాగని టెన్షన్.

ఇలాంటి వాడకానికి వారానికోసారి రాత్రంతా ఇంట్లో ఛార్జర్ పెడితే ఈ బ్యాటరీతోనే నెట్టుకురావచ్చా?