బీటిల్స్ హాలీవుడ్ బౌల్ ఎల్పీలో ఆ గోల... ముల్లు తప్పా, రికార్డింగే అంతా?

బ్రాడీపేట కుర్రాడు:
మా మేనమామ ఇల్లు మారుతుంటే అటక మీద ఓ ఎల్పీ, అదే పెద్ద గ్రామఫోన్ రికార్డు, దొరికింది. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ అమెరికాలో హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయట వేదిక మీద చేసిన కచేరీ, 1977లో వేసింది. పెట్టగానే మొదటి పాట నుంచీ వెనకాల ఒకటే ఈల. వంటింట్లోంచి అమ్మ "నేను కుక్కర్ పెట్టలేదే, ఎవరింట్లోరా ఆ విజిల్?" అంది. షాపులో చూపిస్తే ముల్లు అరిగిందని 1,800 తీసుకుని కొత్తది వేశాడు. డబ్బులు పోయాయి, ఈల ఉంది.
అట్ట వెనక రాసిందంతా చెదలు తినేశాయి. 1964, 65 అన్న అంకెలు మాత్రం మిగిలాయి. అప్పటి కచేరీ అన్నేళ్లు ఎందుకు ఆపారు? 2016లో మళ్లీ వచ్చిన సీడీ కొంటే గోల తగ్గుతుందా?

సత్యనారాయణపురం:
ముల్లు తప్పేం లేదు బ్రో. అది 17,000 మంది కేకలు.

పాత మిక్సర్, బెజవాడ:
ఆర్కెస్ట్రాలకి మైకులు, మిక్సర్ చూసుకున్నవాణ్ణి. కాస్త పెద్దగా రాస్తాను, ఏమనుకోకు.

అట్ట వెనక రాసింది బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్. చెదలు తిన్న కథ ఇదీ. అమెరికాలో వాళ్ల రికార్డులు వేసే క్యాపిటల్ కంపెనీ రికార్డు వేద్దామనే టేపు చేసింది. ఉన్నవి మూడే ట్రాకులు, అంటే టేపు మీద విడివిడిగా శబ్దం పట్టే వరసలు మూడే. స్టేజీ మీద పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్లు (మానిటర్లు) లేవు, అంటే వాళ్ల పాట వాళ్లకే వినపడదు. డ్రమ్స్ వాయించే రింగో ముందున్నవాళ్ల తలలు, నడుములు ఊగడం చూసి తాళం పట్టుకునేవాడట! కేకలు పాడే మైకుల్లోనే దూరాయి. పాలల్లో కలిసిన నీళ్లని ఎవడు తీస్తాడు? నచ్చక మూలన పడేశారు.

తర్వాత క్యాపిటల్‌కి మన తిరువనంతపురంవాడు భాస్కర్ మీనన్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయనే ఆ టేపులు ఓసారి వినమని మార్టిన్‌ని అడిగాడు. వినాలంటే పాత మూడు ట్రాకుల మెషీన్ కావాలి. దొరికిన మెషీనేమో ఆడుతుంటే వేడెక్కిపోయేది. వాక్యూమ్ క్లీనర్లతో చల్లగాలి ఊదిస్తూ 24 ట్రాకుల టేపు మీదకి ఎక్కించారు.

అది చదివి నాకు నవ్వాగలేదు. 96 దసరాకి వన్‌టౌన్ పందిట్లో మా కేసెట్ డెక్ వేడెక్కి టేపు మింగేస్తుంటే, పక్కింట్లోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాం. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటిచ్చాం, కేసెట్ నిండా హమ్, అదే కరెంటు గుయ్యిమనే రొద. మధ్యలో "ఎర్ర చొక్కా పిల్లాడు స్టేజీ దగ్గరున్నాడు, తాలూకు వాళ్లు రావాలి" అని ఎనౌన్స్‌మెంట్ కూడా పడింది. పాట చరణంలో ఉందప్పుడు.

2016 సీడీ మార్టిన్ కొడుకు జైల్స్ చేయించాడు. మళ్లీ ఆ మూడు ట్రాకుల నుంచే. ఈసారి పాటనీ కేకల్నీ కంప్యూటర్లో చాలావరకు విడదీయగలిగారు. డ్రమ్స్, బేస్ గిటార్ స్పష్టంగా వినిపిస్తాయి. నాలుగు పాటలు అదనం. కేకలు తగ్గాయి, పోలేదు. పోకూడదు కూడా, అవి లేకుండా కావాలంటే స్టూడియో రికార్డులున్నాయిగా.

బ్రాడీపేట కుర్రాడు:
థాంక్స్ అంకుల్, సీడీ ఆర్డర్ పెట్టేశా. అమ్మకి చెప్తే "అంతమంది అరిచారా, పాపం గొంతులు" అంది. మీ 96 కేసెట్ కంప్యూటర్లోకి ఎక్కించారా?

పాత మిక్సర్, బెజవాడ:
లేదు బాబూ. డెక్ బెల్టు సాగిపోయింది. గుంటూర్లో ఎక్కడైనా దొరికితే చెప్పు, బస్సెక్కి వస్తాను.