బుగ్గలకి సుద్ద రాసినట్టుంది, ఎంత కలిపినా అంతే (అక్రిలిక్, పిల్లాడి బొమ్మ)

కొత్తకుంచె:
నాలుగు గంటలుగా ఒకే మొహం మీద కూర్చున్నా. ఐదేళ్ల పిల్లాడు మెట్టు మీద కూర్చుని, నాలుక కొస బయటపెట్టి బూటు లేసు కట్టుకుంటున్నాడు. లేసు బాగానే వచ్చింది, చేతులూ ఫరవాలేదు. మొహంలోనే జీవం లేదు. బుగ్గలు బూడిద రంగులో, సుద్దపొడి చల్లినట్టున్నాయి. ఎరుపు కలిపితే దెబ్బ తగిలినట్టుంటోంది, పసుపు కలిపితే కామెర్లు. పైగా వాడికి నలభై ఏళ్లున్నట్టు కనిపిస్తున్నాడు. రంగులన్నీ మంచివే. ఇంకో పూత వేస్తే మచ్చలు మచ్చలుగా ఆరుతోంది. ఎక్కడ తప్పు జరుగుతోందో ఎవరైనా చెప్పండి.

రేఖామాత్రం:
తెలుపు తగ్గించండి.

కొత్తకుంచె:
తగ్గిస్తే వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుందండీ?

మూడోపూత:
సైజెంత? దేని మీద వేస్తున్నారు? ఏయే రంగులు? ఇవేవీ చెప్పకుండా "రంగులన్నీ మంచివే" అంటే ఎలా! "ఫ్లెష్ టింట్" అని రాసున్న ట్యూబు గానీ వాడుతుంటే పక్కన పెట్టండి. అందులో తెలుపు ముందే కలిపి ఉంటుంది, మీరు మళ్లీ కలిపితే రంగు పాలిపోతుంది.

కొత్తకుంచె:
5×7 అంగుళాల బోర్డు. మొహం అంగుళంన్నర ఎత్తు. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్ హ్యూ, అల్ట్రామెరీన్ (నీలం), తెలుపు. ఫ్లెష్ టింట్ లేదు. పిల్లాడిది చామనఛాయ. మొహమంతా 000 నంబరు సన్నటి కుంచెతోనే వేశా, చిన్న బొమ్మ కదా.

లావుకుంచె:
దొరికాడు దొంగ. బొమ్మ చిన్నదైతే కుంచె కూడా చిన్నదవ్వాలని ఎవరు చెప్పారో గానీ, సగం బొమ్మలు అక్కడే చస్తున్నాయి. 000 కుంచెలో పట్టే రంగు ఒక చుక్క. బుగ్గ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లేలోపే అది ఆరిపోతుంది. ఆరిన అంచు మీద మళ్లీ తడి గీత, దాని మీద ఇంకో గీత, ఇలా బుగ్గ కాస్తా చాప అల్లినట్టు తయారవుతుంది. 4 నంబరు ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉండే చపటా కుంచె) తీసుకోండి, బుగ్గ మొత్తం మూడు నాలుగు వేటుల్లో అయిపోవాలి. కళ్లకి 2 నంబరు రౌండ్ చాలు, కొస బాగుంటే అది 000 పని కూడా చేస్తుంది. అంచులు కలవాలంటే రంగులో రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కొంచెం వేసుకోండి, పదో వంతు దాటనివ్వొద్దు. దాటితే రోజులు గడిచినా జిగట పోదు. ప్యాలెట్‌లో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపరు పెట్టుకుంటే ఆ పేపరు మీద కలిపిన రంగు గంటల తరబడి ఆరకుండా ఉంటుంది.

పదాలపెట్టె:
చిన్న మనవి. "చామనఛాయ" అన్నారు. ఛాయ అంటే నీడ కూడా, ఒంటిరంగు కూడా. రంగు వేసేటప్పుడు ఈ రెండూ కలిసిపోతే చిక్కే. మనవాళ్లు షేడ్, టోన్, హ్యూ అన్నింటికీ "ఛాయ" అనేస్తారు. నలుపు కలిపితే షేడ్, తెలుపు కలిపితే టింట్, బూడిద రంగు కలిపితే టోన్. హ్యూ అంటే ఎరుపా పసుపా అన్నది మాత్రమే. మీ సమస్య వీటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

రేఖామాత్రం:
ఆయన సమస్య బుగ్గ.

మూడోపూత:
నలభై ఏళ్ల సంగతి ముందు చూద్దాం, దానికి రంగుతో సంబంధం లేదు. మొహం 38 మిల్లీమీటర్లు, అంటే కన్ను వెడల్పు సుమారు 6, నల్లగుడ్డు 3 కూడా ఉండదు. ఇంత చిన్న చోట ఒక మిల్లీమీటరు తేడా వస్తే మనిషే మారిపోతాడు. పెద్దవాళ్లకి కళ్లు తల ఎత్తులో సగానికి వస్తాయి. ఐదేళ్ల పిల్లలకి అంతకంటే కిందికి ఉంటాయి, నుదురు ఎక్కువ. మీవాడు వంగి లేసు చూస్తున్నాడు కాబట్టి ఇంకా కిందికి జరగాలి: నడినెత్తి బాగా కనిపిస్తుంది, ముక్కూ నోరూ గడ్డమూ కిందికి ఇరుక్కుని దగ్గరవుతాయి, చెవులు కళ్ల గీత కంటే పైకి వెళ్తాయి. కళ్లలో రెప్పలు తప్ప పెద్దగా కనిపించేదేమీ ఉండదు. అక్కడ కళ్లు తెరిచి గీశారా?

ముక్కు పక్కనుంచి నోటిదాకా గీత వేసుంటే చెరిపేయండి. వయసు పెంచేసేది ముందు అదే. పిల్లల మొహంలో అక్కడ గీత ఉండదు, బుగ్గ గుండ్రం తిరిగే చోట రంగు అర మెట్టు ముదురుతుంది, అంతే. నాలుక చుట్టూ కూడా గీత వద్దు. పై పెదవి నీడ నాలుక మీద పడే చోట ముదురుగా ఒక్క మచ్చ పెడితే నాలుక దానంతటదే బయటికొస్తుంది.

ఇక సుద్ద సంగతి. తెలుపు అన్నారు గానీ ఏ తెలుపో చెప్పలేదు. టైటానియమా, జింకా?

కొత్తకుంచె:
కళ్లు తెరిచే గీశానండీ. ఫొటోలో నల్లగుడ్డు కనిపించదు, కానీ లేకపోతే బాగోదని పెట్టా. గీత కూడా ఉంది, తీసేస్తా.

తెల్ల ట్యూబు అయిపోయింది. జెస్సో (బోర్డుకి ముందుగా పూసే తెల్లపూత) డబ్బా ఉంది, అదీ తెలుపే కదా అని అదే కలుపుతున్నా. అది లెక్కలోకి వస్తుందా?

రేఖామాత్రం:
వస్తుంది.

మూడోపూత:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు! జెస్సోలో టైటానియం తెలుపుతోపాటు సుద్ద కూడా ఉంటుంది. పై పూతకి పట్టు దొరకాలని వేస్తారు దాన్ని. రంగులో కలిపితే ఆ సుద్దే బుగ్గ మీదికి తేలుతుంది. మచ్చలకీ అదే కారణం: జెస్సో కలిసిన పూత నీళ్లు పీల్చేస్తుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

మొత్తం గీకక్కర్లేదు. పూర్తిగా ఆరనివ్వండి. మొహం మేరకు అక్రిలిక్ మీడియం (రంగు కలవని అక్రిలిక్) పల్చగా ఒక పూత వేసి అరగంట ఆగండి. ఇది పీల్చడాన్ని ఆపుతుంది. ఆ తర్వాత గ్లేజు, అంటే కింది రంగు కనిపించేంత పల్చటి పూత: గ్లేజింగ్ మీడియం ఎనిమిది పాళ్లకి బర్న్ట్ సియెన్నా ఒక పాలు కలిపి బుగ్గలు, ముక్కు కొస, చెవులు, వేళ్ల కొసల మీద వేయండి. రెండు మూడు పల్చటి పూతలు, మధ్యలో పావుగంట. ఎరుపు వేస్తే వెలుగుకీ నీడకీ నడిమి రంగులో వేయండి, వెలుగు పడే చోట కాదు, లేకపోతే మళ్లీ దెబ్బ తగిలినట్టే ఉంటుంది. నీడకి సియెన్నాలో అల్ట్రామెరీన్ సూదిమొనంత. వెలుగుకి ఓకర్‌లో టైటానియం తెలుపు కొద్దిగా, అదీ చివర్న, నుదుటి మీదా ముక్కు మీదా ఒక్కో వేటు. ముందు చిత్తుకాగితం మీద ఆరబెట్టి చూసుకోండి. బైండరు (రంగుపొడిని పట్టి ఉంచే జిగురు) తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, ఆరితే ఆ పాలు పోయి రంగు ఒక మెట్టు ముదురుతుంది.

రేఖామాత్రం:
మీడియం మ్యాట్ వద్దు. మెరిసేది, గ్లాసీ.

మూడోపూత:
నిజమే, మ్యాట్‌లో మెరుపు చంపే పొడి ఉంటుంది, మళ్లీ పాలిపోతుంది. మెరుపు ఇష్టం లేకపోతే చివర్న మ్యాట్ వార్నిష్ వేసుకోవచ్చు.

పదాలపెట్టె:
"పాలిపోవడం" అంటే మీ ఉద్దేశం టింటా, టోనా?

లావుకుంచె:
గ్లేజు 000తో వేయకండి మహాప్రభో, చారలు పడతాయి. మెత్తటి ఫ్లాట్ (చపటా కుంచె), అర అంగుళం.

పదాలపెట్టె:
అంగుళంన్నర మొహానికి అర అంగుళం ఫ్లాటా?

లావుకుంచె:
మూలతో వేయాలండీ, మొత్తం కుంచెతో ఎవరు వేయమన్నారు!

కొత్తకుంచె:
మీడియం పూశా, ఆరుతోంది. ఒక చెవి మీద గ్లేజు వేసి చూశా, రక్తం ఎక్కింది. రెప్పలు వాల్చేశా. థాంక్సండీ అందరికీ.

లావుకుంచె:
ఏ నంబరుతో వేశారు?