అలాస్కా క్రూజ్, డెనాలీ టూర్: మొత్తం 14 మందిమి, ఖర్చు అదుపులో ఉండాలంటే ఎలా?

గోదారిగట్టు (డల్లాస్)

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో మా అమ్మానాన్న, అత్తయ్యగారు, మామయ్యగారు నలుగురూ ఒకేసారి ఇక్కడుంటారు. తమ్ముడి కుటుంబం న్యూజెర్సీ నుంచి, ఆడపడుచు వాళ్లు ఫీనిక్స్ నుంచి వస్తామన్నారు. నలుగురు పిల్లలతో కలిపి 14 మందిమి. నాన్నకి మంచుకొండలంటే ప్రాణం. మోకాళ్లు సహకరించక చార్‌ధామ్ యాత్ర మానుకున్నారు. ఓడలో అయితే కూర్చున్న చోటి నుంచే చూడొచ్చని అలాస్కా అనుకున్నాం.

ఏడు రాత్రుల క్రూజ్, దానికి ముందో వెనకో డెనాలీ (అక్కడి పెద్ద మంచుకొండ, దాని చుట్టూ నేషనల్ పార్కు) వైపు మూడు నాలుగు రోజులు. రెండూ కలిపి ఏజెంట్ చెప్పిన ప్యాకేజీ రేటుని 14తో గుణిస్తే గుండె జారిపోయింది. ఏ నెలలో వెళ్లాలి, సియాటిల్లో ఎక్కాలా వాంకూవర్లోనా, నేల మీద టూరు సొంతంగా చేసుకోగలమా? అత్తయ్యగారు కోడిగుడ్డు కూడా ముట్టరు, ఓడలో తిండి ఎలా? వెళ్లొచ్చిన వాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సియాటిల్ చినుకు

అక్కా, ముందు వీసా సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ దాని వెనకే.

సియాటిల్లో బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే ఓడ కూడా కెనడాలో, ఎక్కువగా విక్టోరియాలో, ఒక పూట ఆగుతుంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ, మధ్యలో విదేశీ రేవు తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి దేశాల జెండాలవే. అందుకే ఆ విక్టోరియా మజిలీ. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న అమ్మానాన్నలకి అమెరికా విజిటర్ వీసా ఉన్నా కెనడా వీసా విడిగా కావాలి. విక్టోరియాలో దిగం, గదిలోనే ఉంటాం అంటే కుదరదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకీ ఇదే లెక్క. గ్రీన్‌కార్డ్ ఉంటే కెనడా వీసా అక్కర్లేదు, కానీ కార్డుతో పాటు పాస్‌పోర్ట్ కూడా చేతిలో ఉండాలి.

పెద్దవాళ్లు ఇండియాలో ఉండగానే అప్లై చేయించండి. వేలిముద్రలు, స్టాంపింగ్ అక్కడే వీఎఫ్ఎస్ వీసా సెంటర్లో అయిపోతాయి. వాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో కూడా ఒకసారి చూసుకోండి. కెనడా తాకి మళ్లీ అమెరికాలోకే రావాలి కదా.

ఇంకొకటి. సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమట బయటి సముద్రం మీదుగా వెళ్తాయి. మొదటి రాత్రే ఊగుడు తెలుస్తుంది. వాంకూవర్లో ఎక్కితే దీవికీ నేలకీ మధ్య సందులోంచి పోతుంది కాబట్టి అక్కడ నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. పెద్దవాళ్లకి ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో, లిఫ్ట్‌కి దగ్గర్లో గది అడగండి.

పాలమూరు పిల్లోడు

అక్కా, మేం గూడ ఇట్లనే పెద్ద గుంపు పోయినం. నాకు సమజైంది ఒక్కటే. తలకింత అని రేటు పెట్టిన ప్రతి చోట పెద్ద కుటుంబానికి దెబ్బ. బండికింత, ఇంటికింత అన్న చోట మనకే లాభం. ఓడ ఎట్లయినా తలకింతనే, తప్పదు. కానీ నేల మీద ప్యాకేజీ తీస్కుంటే రైలు, బస్సు, లాడ్జి అన్నీ మళ్ల తలకింతనే అయితయి. అక్కడనే మీ బిల్లు పెరిగింది.

మేం ఓడ ఒక్కటే కంపెనీ దగ్గర కొన్నం. అలాస్కాల యాంకరేజ్ ఊర్ల రెండు వ్యాన్లు కిరాయికి తీస్కున్నం, వంటిల్లున్న ఇండ్లు చూస్కున్నం. 15 సీట్ల వ్యాన్ ఒక్కటే తీస్కుందామని చూడకుండ్రి. కొన్ని కంపెనీలు ఇయ్యవు, ఇచ్చినా సామాన్లకు జాగ ఉండదు. రెండు బండ్లయితే ముసలోళ్లు అలసిపోతే ఒక బండి ఇంటికి మర్లొచ్చు, పిల్లలున్న బండి ఇంకో చోటుకు పోవచ్చు.

ఓడల గదుల సంగతి చెప్త. ఒక్క గదిల మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తక్కువ పడ్తది. మీకు ఐదు గదులు సరిపోతయి. బాల్కనీ ఒక్క గదికి చాలు, పెద్దోళ్లకు ఇయ్యండి. దాని పక్కనో ఎదురుగనో లోపలి గదులు తీస్కుంటే పగటిపూట అందరు అండ్లనే కూసుంటరు. చుట్టాలు ఇంకొందరు కలిసి 16 మంది, 8 గదులు అయితే చాలా కంపెనీలు గ్రూప్ కింద లెక్కేస్తయి, అడిగి చూడుండ్రి. టికెట్ రేటు చూసి అయిపాయె అనుకోవద్దు. రేవు పన్నులు వేరే. టిప్పులు తలకు రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాక ఉంటయి, పిల్లలకు గూడ. 17 వేస్కున్నా 14 మందికి ఏడు రాత్రులకు 1,666 డాలర్లు. అది మొదలే లెక్కల రాస్కోండి.

ఆఖరి పేమెంట్ గడువు సుమారు మూడు నెలల ముందు ఉంటది. ఆ లోపల రేటు తగ్గితే ఫోన్ జేసి తగ్గిన రేటు అడగొచ్చు. మా మరదలు వారానికోసారి చూస్తుండె, మంచిగనే మిగిలింది.

పెసరట్టు ప్రియ (శాన్ హోసే)

అత్తయ్యగారి భోజనం గురించి దిగులు వద్దండీ. బుక్ చేసేటప్పుడే ‘ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు లేకుండా’ అని రాయించండి. ఎక్కిన సాయంత్రమే మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని కలిసి మళ్లీ నోటితో చెప్పండి. మా ఓడలో ముందు రోజు రాత్రే రేపు ఏం కావాలని అడిగి, పప్పు, కూర, అన్నం విడిగా చేసిపెట్టారు. వంటవాళ్లలో మనవాళ్లు ఉండటం మామూలే. పప్పు ఉత్తరాది పద్ధతిలో చిక్కగా ఉంటుంది, చారు మాత్రం ఆశించకండి.

రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె ఓడలోకి రానివ్వరు, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో చేసిన పులిహోర, గారెలు కూడా వద్దంటారు. సీల్ వేసిన కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ పౌచ్‌లు, జంతికల ప్యాకెట్లు అయితే ఇబ్బంది రాలేదు. ఓడలోంచి పండ్లు, శాండ్‌విచ్‌లు రేవులోకి తీసుకెళ్లనివ్వరు, పిల్లల చేతి సంచుల్లో ఏవైనా ఉన్నాయేమో చూసుకోండి. కుక్కర్ నేల మీద రోజులకి పనికొస్తుంది, యాంకరేజ్‌లో కాస్ట్కో ఉంది, బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడ కొనుక్కోవచ్చు.

నెల గురించి: మే నెల, సెప్టెంబర్ చౌక. మేలో వాన కాస్త తక్కువ, కొండల మీద మంచు ఎక్కువ. జులై, ఆగస్టుల్లో సాల్మన్ చేపలు వాగుల్లో ఎదురీదడం కనిపిస్తుంది, రేటూ ఎక్కువే. మీ పిల్లలకి స్కూళ్లు మే ఆఖర్లో అయిపోతాయి కాబట్టి జూన్ మొదటి వారం చూడండి. న్యూజెర్సీ పిల్లలకి మాత్రం అప్పటికి సెలవులివ్వరేమో, కనుక్కోండి.

గుంటూరు మాస్టారు

అమ్మా, నేను మీ నాన్నగారి వయసు వాణ్ణే. మా అబ్బాయి నన్నూ మా ఆవిణ్ణీ తీసుకెళ్లాడు. పెద్దవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

ముందు నేల మీద తిరగండి, తర్వాత ఓడ ఎక్కండి. కార్లలో తిరిగి ఒళ్లు హూనమయ్యాక ఓడలో పడుకుంటే ఎంత హాయో. అటునుంచి ఇటు, అంటే అలాస్కా రేవులైన విట్టియర్‌లోనో సేవార్డ్‌లోనో ఎక్కి వాంకూవర్‌లో దిగే ఓడలున్నాయి. అలాంటి ఓడలకి గ్లేసియర్ బే (హిమానీనదాలు, అంటే మంచునదులు, ఉన్న సముద్రపు పాయ) కూడా ఉందేమో చూసి తీసుకోండి, అన్నిటికీ ఉండదు. ఆ బేలోకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. పొద్దున్నే పార్క్ రేంజర్లు ఓడెక్కి మైకులో చెబుతూ ఉంటారు.

మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ ఆగి మెల్లగా తిరుగుతుంది. దూరానికి తెల్లగా కనిపించినది దగ్గరికొచ్చేసరికి పగుళ్లలో నీలం. ఒక ముక్క విరిగి నీళ్లలో పడటం కంటికి ముందు కనబడింది, ఉరుము లాంటి చప్పుడు ఆ తర్వాత వచ్చింది. మా ఆవిడ చప్పుడు విని అటు చూసేది, అప్పటికే అంతా అయిపోయేది. చివరికి చప్పుడు కోసం చూడటం మానేసి మంచుగోడ మీదే కన్నుంచింది. మాది కిటికీ కూడా లేని గది. ఆ రోజంతా పై డెక్ మీదే ఉన్నాం, గదితో పని పడలేదు. రెండు దుప్పట్లు, చెవులు మూసే టోపీలు, వాన కోటు ఉంటే చాలు.

మందులు చేతి సంచిలోనే పెట్టమనండి, పెట్టెలో వద్దు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు మన ఖాతాలో రాస్తారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద, కెనడాలో చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. నడవగలిగినా సరే, ఎక్కే రోజు వీల్‌చైర్ చెప్పి ఉంచండి. ఆ క్యూ పొడవు.

గోదారిగట్టు (డల్లాస్)

మాస్టారూ, మీరు రాసింది నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. నేల మీద ముందు, ఓడ తర్వాత అన్న మాట ఆయనకి బాగా నచ్చింది.

డెనాలీలో బస్సులోనే వెళ్లాలట కదా? మోకాళ్ల నొప్పులతో అన్ని గంటలు కూర్చోగలరా? రైలు తీసుకుంటే నయమా?

యాంకరేజ్ అరుణ

నేను ఇక్కడే ఉంటానండీ, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ దారే.

రైలు చాలా బాగుంటుంది, కానీ యాంకరేజ్ నుంచి డెనాలీకి ఏడున్నర గంటలు, టికెట్ తలకింత. కారులో 237 మైళ్లు, నాలుగు గంటలు చాలు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. టాకీట్నా ఊళ్లో నది ఒడ్డున ఆపండి. ఆకాశం బాగుంటే 20,310 అడుగుల డెనాలీ కొండ మొత్తం అక్కడే కనిపిస్తుంది. పార్కుకి వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికే కొండ కనబడుతుందని ఇక్కడ అంటుంటారు. అందుకే దారిలో మబ్బు విడిస్తే ‘పార్కులో చూద్దాంలే’ అనుకోకండి, వెంటనే బండి ఆపి చూడండి.

పార్కు రోడ్డు 92 మైళ్లు. సొంత బండి 15వ మైలు, సావేజ్ నది దాకా వెళ్లొచ్చు. అక్కడిదాకా ఉచిత బస్సు కూడా ఉంది. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ దగ్గర కొండచరియ జారినప్పటి నుంచి లోపలి బస్సులు 43వ మైలు దగ్గరే ఆగుతున్నాయి. వెళ్లే ముందు పార్కు వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి. బస్సుల్లో రెండు రకాలు. గైడ్ వ్యాఖ్యానం ఉన్న టూర్ బస్సు ఖరీదు. మామూలు ట్రాన్సిట్ బస్సు చాలా తక్కువ, 15 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి టికెట్ లేదు. డ్రైవర్లు అందులోనూ జంతువులు కనబడితే ఆపుతారు. ఎవరికి కనబడినా ‘స్టాప్’ అని అరవాలి, గడియారం ముల్లు లెక్కన దిక్కు చెప్పాలి. మా మేనత్త ‘మూడు గంటల దిక్కున’ అని తెలుగులోనే అరిచింది, డ్రైవరు ఆమె చెయ్యి చూపిన వైపు చూసి ఆపాడు. నది ఇసుకలో తల్లి ఎలుగు, రెండు పిల్లలు. ఆ తర్వాత ఆవిడే బస్సుకి గైడ్ అయిపోయింది.

రానూపోనూ ఐదు గంటల దాకా పడుతుంది, స్కూల్ బస్సు సీట్లు, మెట్లు ఎత్తు. మధ్యలో టెక్లనికా దగ్గర బాత్రూమ్‌లున్నాయి. తిండి ఎక్కడా అమ్మరు, డబ్బాలు మీరే తెచ్చుకోవాలి. నాన్నగారికి కష్టమనిపిస్తే పిల్లల్నీ కుర్రవాళ్లనీ బస్సెక్కించి, పెద్దవాళ్లు ఒక బండిలో సావేజ్ దాకా వెళ్లి రావచ్చు. ఆకాశం తేటగా ఉంటే 9వ మైలు దాటాక కొండ కనిపిస్తుంది. సాయంత్రం అందరూ కలిసి మంచు మీద బండ్లు లాగే రేంజర్ల స్లెడ్ కుక్కల ప్రదర్శన చూడండి, దానికి టికెట్ లేదు. ప్రవేశ రుసుము 16 ఏళ్లు నిండినవాళ్లకి 15 డాలర్లు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే ఒక్కో పాస్ మీద నలుగురు పెద్దలు వెళ్లొచ్చు. బస పార్కు గేటు ముందు కాకుండా 11 మైళ్లు అవతల హీలీలో చూడండి, వంటిల్లున్న క్యాబిన్లు దొరుకుతాయి.

సేవార్డ్ వైపు ఒక రోజు ఉంచుకోండి. ఎగ్జిట్ గ్లేసియర్‌కి టికెట్ లేదు. కాలిబాట పక్కన 1926, 1951, 2010 అని బోర్డులు పాతి ఉంటాయి, ఆ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో అక్కడ నిలబడి చూడొచ్చు. పిల్లలకి ఏ క్లాసులో చెప్పినా అంత బాగా అర్థం కాదు.

జూన్‌లో ఇక్కడ పగలు 19 గంటలు. పెద్దవాళ్లకి కళ్లకి కట్టుకునే పట్టీలు తప్పకుండా తెండి.

సియాటిల్ చినుకు

దారిలో ఓడ ఆగే రేవుల్లో ఖర్చు తగ్గించుకునే దారులు కూడా రాస్తాను. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదానికి రెండు డాలర్ల సిటీ బస్సు ఉంది, కానీ దిగాక మైలున్నర నడవాలి. పెద్దవాళ్లతో అయితే షటిల్ ఎక్కండి. తిమింగలాల పడవ తలకి 100 డాలర్లు దాటుతుంది, అయినా దాన్ని మాత్రం మానుకోకండి, పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు ఉంది. 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి 1900కి పూర్తి చేశారు, 20 మైళ్లలో సుమారు 3,000 అడుగులు ఎక్కుతుంది. నడక లేకుండా కొండలు చూడాలనుకునే మీ నాన్నగారికి అది సరిగ్గా సరిపోతుంది. పెద్దవాళ్లు రైలెక్కితే మిగతావాళ్లు ఊళ్లో రేంజర్లు ఉచితంగా తిప్పి చూపించే నడకకి వెళ్లొచ్చు. కెచికాన్‌లో ఏం బుక్ చెయ్యకండి. అక్కడ వాన ఎప్పుడూ ఉండేదే, క్రీక్ స్ట్రీట్ చెక్క వంతెనల మీద గొడుగు లేకుండా కోట్లతో తిరగండి.

పాలమూరు పిల్లోడు

సియాటిల్ చినుకు చెప్పినదానికి ఒకటి కలుపుత. బయటోళ్ల దగ్గర టూర్ కొంటే చౌకనే, కానీ ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. ఓడ కదిలే టైముకు కనీసం రెండు గంటల ముందు తిరిగొచ్చేటియే కొనుండ్రి. ఫోన్ల టైము, ఓడ టైము ఒక్కటే ఉన్నదా చూస్కోవాలె.

గోదారిగట్టు (డల్లాస్)

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి అందరం వీడియో కాల్‌లో కూర్చున్నాం. యాంకరేజ్‌కి విమానం, డెనాలీ, సేవార్డ్ మా బండ్లలో, తర్వాత విట్టియర్‌లో ఎక్కి గ్లేసియర్ బే మీదుగా వాంకూవర్. కెనడా వీసా కాగితాలు నాన్న అప్పుడే ఫైల్లో సర్దుతున్నారు. తమ్ముడి పిల్లల సెలవుల కోసం జూన్ ఆఖరుకి జరిపాం, రేటు కొంచెం పెరిగినా అందరం ఉంటాం. ఒక్క అనుమానం మిగిలింది. విట్టియర్‌కి మా వ్యాన్లలోనే వెళ్లాలా?

యాంకరేజ్ అరుణ

వద్దండీ. విట్టియర్ దారిలో రెండున్నర మైళ్ల సొరంగం ఉంది. ఒకటే వరస, రైలూ కార్లూ అందులోంచే, వంతుల వారీగా వదులుతారు. ఓడ రోజున ఆ టైముల లెక్క పెట్టుకుని పెద్దవాళ్లతో ఆదుర్దా పడొద్దు. పైగా బండ్లు మళ్లీ యాంకరేజ్‌లోనే అప్పగించాలి. ఉదయం బండ్లు ఇచ్చేసి, సామాన్లతో సహా ఓడ దగ్గర దించే కోచ్ తీసుకోండి. ఈ ఒక్కచోట తలకింత ఇవ్వడమే మేలు. వ్యాన్లు మాత్రం ఈ వారమే బుక్ చేసెయ్యండి, జూన్ ఆఖరుకి ఇక్కడ పెద్ద బండ్లు దొరకవు. డబ్బు ముందే కట్టక్కర్లేని బుకింగ్ చూసుకుంటే తర్వాత రేటు తగ్గినప్పుడు మార్చుకోవచ్చు. వచ్చాక మా ఇంట్లో ఒక పూట భోజనానికి రావాలి, 14 మందికీ చోటుంది.