అప్‌డేట్: మా బియ్యం కొట్టు సైట్ గూగుల్‌లోకి వచ్చింది

కర్నూలులో నాన్న నడిపే బియ్యం కొట్టు వెబ్‌సైట్ గూగుల్‌లో ఎంత వెతికినా రావట్లేదు, బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైట్‌కి వచ్చే లింకులు) కొనాలా అని అడిగాను కదా. "కొనకు తమ్ముడూ, ముందు సెర్చ్ కన్సోల్ చూడు" అని సలహా ఇచ్చిన అన్నకి చాలా థ్యాంక్స్. సెర్చ్ కన్సోల్ అంటే మన సైట్ గూగుల్‌కి ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్.

అసలు సంగతి అక్కడే బయటపడింది. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో హోమ్ పేజీ అడ్రస్ పెడితే ‘నోఇండెక్స్’ ట్యాగ్ ఉందని చూపించింది. సైట్ చేసిచ్చినవాళ్లు టెస్టింగ్ కోసం పెట్టి, తీయకుండానే అప్పగించారు. అది ఉన్నంతకాలం ఎన్ని లింకులున్నా గూగుల్ ఆ పేజీని ఫలితాల్లో చూపించదు. పైగా ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ పాలసీకే విరుద్ధం. డబ్బులు మిగిలాయి!

ట్యాగ్ తీయించి, ఇండెక్సింగ్‌కి (పేజీని గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడానికి) రిక్వెస్ట్ పెట్టాను. ప్రతి పేజీకీ ‘హోమ్’ అనే టైటిల్ ఉండేది. ఇప్పుడు ‘కర్నూలు సోనా పాత బియ్యం, 25 కిలోల బస్తా’ అని దేనికది రాశాను. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో పైకి కనపడకుండా రాసే కీలక పదాలు) జోలికి పోలేదు, వాటిని ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఫోటోల సైజు తగ్గించాక ఫోన్‌లో పేజీ టక్కున తెరుచుకుంటోంది.

కొట్టు పేరు కొడితే ఇప్పుడు మొదట్లోనే వస్తోంది, నాన్న ముఖం వెలిగిపోయింది. ‘సోనా బియ్యం’ అని కొడితే మాత్రం ఇంకా బాగా వెనకే. అందుకే పాత బియ్యానికి, కొత్త బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో నాన్న రోజూ గిరాకీలకు చెప్పే మాటలనే పేజీగా రాస్తున్నాను.