సైటు నుంచి బిజినెస్ స్కూలుకు: నిర్మాణ రంగంలో పనిచేసినవాళ్ల దరఖాస్తు అనుభవాలు

కొత్త_కట్టడం
అందరికీ నమస్కారం. కాకినాడలో సివిల్ చదివి, ఐదేళ్లుగా హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల సైట్లలో పనిచేస్తున్నాను. మొదట సైట్ ఇంజనీరుగా చేరాను, ఇప్పుడు బిల్లింగ్ కూడా నేనే చూస్తున్నాను. ఈ ఏడాది ఐఎస్‌బీకి (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్), ఐఐఎం అహ్మదాబాద్ ఏడాది ఎంబీఏ కోర్సుకు దరఖాస్తు పెడుతున్నాను. జీమ్యాట్ ప్రవేశ పరీక్షలో 655 వచ్చింది కాబట్టి ఆ దిగులు లేదు. చిక్కంతా దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసాల దగ్గరే. రాత్రి పది గంటలకు గదికి చేరి కూర్చుంటే "14 అంతస్తులు, 2 లక్షల చదరపు అడుగులు, 180 మంది కార్మికులు" అని రాసి ఆగిపోతున్నాను. సాఫ్ట్‌వేర్ స్నేహితుల వ్యాసాల్లో వాళ్ల పని ఎంతో పెద్దదిగా కనిపిస్తోంది. మన పనిని ఎలా చెప్పాలి?

స్లాబ్_సాక్షి
మీ ప్రశ్న చదవగానే నా మొదటి చిత్తుప్రతి గుర్తొచ్చింది. నేను ఆరేళ్లు గుత్తేదారు సంస్థలో పనిచేసి ఐఎస్‌బీలో చేరాను. ఆ చిత్తుప్రతిలో "స్లాబ్ పనులను పర్యవేక్షించాను" అని అర వాక్యం ఉండేది. చదివిన సీనియర్ ఒకరు "మీరు ఆ రోజు సెలవు పెట్టి ఉంటే ఏం జరిగేది?" అని అడిగారు. వ్యాసమంతా ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

పన్నెండో అంతస్తు స్లాబ్ పోస్తున్నాం. రాత్రి పదకొండు గంటలకు కాంక్రీటు పంపు ఆగిపోయింది. గేటు బయట మూడు మిక్సర్ లారీలున్నాయి. రెడీమిక్స్ కాంక్రీటును లోడ్ చేసిన రెండు గంటల్లో దింపేయాలి. ఆలస్యమైతే గట్టిపడటం మొదలవుతుంది. "కాస్త నీళ్లు కలిపితే నడిచిపోతుంది మేడం, బకెట్లతో లాగేద్దాం" అన్నాడు మేస్త్రీ. నీళ్లు కలిపితే బలం పోతుందని ఆయనకూ తెలుసు, కానీ పని మధ్యలో ఆపడం ఆయనకు నామోషీ. స్ట్రక్చరల్ కన్సల్టెంటును నిద్రలేపి మాట్లాడాను. స్తంభాల దగ్గర కాకుండా, దూలం పొడవులో మధ్య భాగంలో చెక్క అడ్డం పెట్టి ఆపమన్నారు. ఒక లారీతో అక్కడిదాకా చేత్తో పోయించి, మిగిలిన రెండు లారీలు వెనక్కి పంపి, రిజిస్టరులో నా సంతకం పెట్టాను. ఆ రెండు లారీల ఖర్చు ఎవరు భరించాలన్న తగాదా వారం రోజులు నడిచింది. ఒప్పందం తీసి చదివి, పంపు యజమాని బిల్లులో కోత పెట్టించాను.

సాంకేతిక నిర్ణయం, డబ్బు, ఒప్పందం, ఎదురుతిరిగిన మనిషి... అన్నీ ఆ ఒక్క రాత్రిలోనే ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడారు. ఎన్ని అంతస్తులు కట్టానో ఎవరూ అడగలేదు.

నాన్న_వెంచర్
సొంత వ్యాపారం నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. విజయవాడలో మాది చిన్న బిల్డింగ్ వ్యాపారం. మూడేళ్లు నాన్నగారితో పనిచేశాను, కానీ జీతం పేరుతో ఒక్క రూపాయి కూడా నా ఖాతాలో పడలేదు. కావలసినప్పుడు ఇంట్లో తీసుకునేవాణ్ణి. పని అనుభవానికి రుజువు చూపమన్నప్పుడు చేతిలో ఏమీ లేదు. భాగస్వామ్య పత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆడిటర్ ధ్రువపత్రం సిద్ధం చేసుకునేసరికి ఒక ఏడాది పోయింది. ఇప్పుడు వ్యాపారంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నెల నుంచే జీతం బ్యాంకు ద్వారా తీసుకోండి.

సిఫారసు లేఖ నాన్నగారు ఇస్తే చెల్లదు, బాబాయి ఇచ్చినా అంతే. నాకు మా ఆర్కిటెక్టు ఒకటి, మా ప్రాజెక్టుకు రుణమిచ్చిన బ్యాంకులో అప్పటి మేనేజరు ఒకటి ఇచ్చారు. నేను లెక్కలు ఆలస్యం లేకుండా ఇచ్చేవాణ్ణని ఆ మేనేజరు రాసిన రెండు వాక్యాలే ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం.

గజం_లెక్క
ఇంటర్వ్యూ గురించి. రియల్ ఎస్టేట్ అనగానే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) మీద ప్రశ్న తప్పదు. చట్టం 2016లో వచ్చిందని చెబితే సరిపోదు. నన్ను అడిగింది ఇదీ: "కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి కదా, మరి మీ సంస్థ తర్వాతి స్థలం ఎలా కొంటుంది?"

ఆ 70 శాతం ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. అదీ ఎంత పని పూర్తయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాకే తీయాలి. పాత రోజుల్లోలాగా ఒక సైటు డబ్బు మరో సైటుకు మళ్లించడం కుదరదు. ప్రైవేటు బిల్డర్లు స్థలం కొనడానికి రుణమివ్వకుండా బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అందుకే మన ఊళ్లలో భూయజమానితో డెవలప్‌మెంట్ ఒప్పందాలు ఇంత ఎక్కువ. స్థలం ఆయనది, కట్టుబడి మనది, ఫ్లాట్లు చెరి సగమో, కుదిరిన వాటా ప్రకారమో. ఇదంతా మనకు రోజూ కనిపించేదే. దాన్ని పెట్టుబడి భాషలో చెప్పడం ఒక్కటే నేర్చుకోవాలి. నేను మా సొంత ప్రాజెక్టు నగదు రాకపోకలను నెలవారీగా ఒక కాగితం మీద వేసుకుని వెళ్లాను. ఆ కాగితం బయటికి తీయలేదు, కానీ వేసుకోవడం వల్లే జవాబు తడుముకోకుండా వచ్చింది.

దోహా_క్రేన్
నేను ఖతార్‌లో నాలుగేళ్లు పనిచేసి అమెరికా వైపు చూశాను. పేరున్న స్కూళ్ల జాబితా తీసుకుని వరుసగా దరఖాస్తు పెట్టకండి. విస్కాన్సిన్‌లో ఎంబీఏలో రియల్ ఎస్టేట్ ప్రత్యేక విభాగంగా ఉంది. వార్టన్‌లో, కొలంబియాలో దానికంటూ కేంద్రాలున్నాయి. ఎంఐటీలో ఎంబీఏ కాకుండా రియల్ ఎస్టేట్ డెవలప్‌మెంట్‌లోనే మాస్టర్స్ ఉంది. ఆ విభాగాల్లో చదువుతున్న మనవాళ్లకు మర్యాదగా ఉత్తరం రాస్తే చాలామంది జవాబిస్తారు. నాకు అలాగే దారి దొరికింది.

ఎంబీ_పుస్తకం
ఒక్క మాట వేరుగా చెప్పనివ్వండి. ప్లానింగ్‌లో, కాంట్రాక్టుల్లో పైకి ఎదగడమే మీ కోరికైతే ఎంబీఏ తప్పనిసరి కాదు. నేను నిర్మాణ నిర్వహణ నేర్పే నిక్మార్‌లో చేరాను, ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. అక్కడ క్లెయిములు, టెండర్లు, ప్రాజెక్టు ఫైనాన్సు నేరుగా మన సైటు భాషలోనే చెబుతారు. పెట్టుబడి సంస్థలకో, వేరే రంగానికో మారాలనుకుంటేనే పెద్ద ఫీజుకు, ఏడాది జీతం వదులుకోవడానికి అర్థముంటుంది.

క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష) రాయాలనుకునే వాళ్లకు మరో సంగతి. వానలు తగ్గి సైటు పని ఊపందుకునేది అక్టోబరు, నవంబరుల్లోనే. పరీక్ష సాధారణంగా నవంబరు చివరి ఆదివారం. రెండేళ్లు అక్కడే దెబ్బతిన్నాను. చదువు ఏదైనా ఉంటే వానాకాలంలో, పని మందగించినప్పుడే ముగించండి.

కొత్త_కట్టడం
అందరికీ కృతజ్ఞతలు. సాక్షి గారి ప్రశ్న రెండు రోజులుగా వదలడం లేదు. నేను సెలవు పెట్టి ఉంటే ఏం జరిగేదని వెతికితే ఒకటి దొరికింది. మా టవర్‌లో ఉక్కు వృథా ఆరు శాతం దాటేది. కడ్డీలు వంచే మేస్త్రీకి స్టోరు నుంచి తీసుకున్న టన్నుల మీద కూలి ఇచ్చేవాళ్లం, కాబట్టి ముక్కలు మిగిలితే ఆయనకు పోయేదేమీ లేదు. కూలిని స్లాబులో బిగించిన టన్నులకు మార్చి, మిగిలిన ముక్కలను లింటెళ్లకు, చెయిర్లకు (స్లాబులో పై కడ్డీలను ఎత్తిపట్టే ఆసరాలు) వాడితే అదనంగా ఇచ్చేలా ప్రాజెక్టు మేనేజరును ఒప్పించాను. మూడు నెలల్లో వృథా మూడున్నర శాతానికి దిగింది. ఇది వ్యాసానికి సరిపోతుందా, లేక మరీ చిన్న విషయమా?

స్లాబ్_సాక్షి
చిన్నదెలా అవుతుంది? మనిషి ఎందుకలా చేస్తున్నాడో కనిపెట్టి కూలి పద్ధతినే మార్చారు. అయితే మీరు ఒక ముఖ్యమైన భాగం దాటేశారు. మేనేజరు ఒప్పుకున్నారు సరే, మేస్త్రీ ఎలా ఒప్పుకున్నాడు?

కొత్త_కట్టడం
మొదట ఒప్పుకోలేదండీ. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇరవై మందితో పని మానేసి రోజంతా షెడ్డులోనే కూర్చున్నాడు. సాయంత్రం నేను వెళ్లి, పాత నెల లెక్కను కొత్త పద్ధతిలో వేసి చూపించాను. ఆయనకు నిజంగానే 4,000 రూపాయలు తగ్గుతోంది. టన్ను రేటు పెంచేదాకా కదలనన్నాడు. ఆయన మాట న్యాయమనిపించి, రేటు పెంచమని మళ్లీ మేనేజరు దగ్గరికి వెళ్లాను.

స్లాబ్_సాక్షి
వ్యాసం ఆ షెడ్డులో మొదలుపెట్టండి. రాశాక నాకు పంపండి, చదివి చెబుతాను.

కొత్త_కట్టడం
ఈ ఆదివారం స్లాబ్ లేదు. కూర్చుని రాసి, సోమవారం పొద్దున పంపుతాను సాక్షి గారూ.